హైదరాబాదు నుంచి ఒక్కరోజు గుట్టల ప్రయాణం: శ్రీశైలం దాకా వెళ్లాలా, మన్ననూరు దగ్గరే ఆగాలా?

వానలు పడి నల్లమల పచ్చబడగానే హైదరాబాదులో స్థిరపడిన బంధుమిత్రుల నుంచి మా అచ్చంపేట వైపు వాళ్లకు ఫోన్లు మొదలవుతాయి. ఆదివారం తెల్లవారుజామున బయలుదేరితే శ్రీశైలం చూసుకొని రాత్రికి ఇల్లు చేరగలమా అన్నదే అందరి ప్రశ్న. చేరవచ్చు, సందేహం లేదు. అయితే ఆ రోజు మొత్తంలో కారు సీటులో గడిచిన సమయమెంత, గుడి వరుసలో నిలుచున్న సమయమెంత, కొండనూ అడవినీ నిమ్మళంగా చూసిన సమయమెంత అని తిరిగివచ్చిన వాళ్లను అడిగితే, జవాబు వెళ్లేటప్పటి ఉత్సాహంతో రాదు. చేతిలో ఒక్క రోజే ఉన్నవారు దక్షిణ తెలంగాణ గుట్టల్లో ఎక్కడి దాకా వెళ్లాలో, ఎక్కడ ఆగాలో తేల్చుకోవడానికి ఈ పోలిక పనికివస్తుంది. నా అభిప్రాయం ముందే చెబుతాను. మల్లన్న దర్శనమే ఉద్దేశం కాకపోతే ఒక్కరోజు ప్రయాణాన్ని శ్రీశైలం దారిలోనే ముందుగా వచ్చే ఉమామహేశ్వరం, మన్ననూరు పరిసరాల్లో ముగించుకోవాలి. శ్రీశైలానికి కనీసం ఒక రాత్రి కేటాయించాలి. వృద్ధులూ చిన్నపిల్లలూ వెంట ఉంటే ఈ రెండింటి కంటె నాగార్జునసాగర్ మేలు.

చల్లదనం గురించి ఒక అపోహను మొదట తొలగించుకోవాలి. కొండ ఊరు అనగానే ఊటీనో అరకులోయనో ఊహించుకొని నల్లమలకు వచ్చేవారికి ఆశాభంగం తప్పదు. హైదరాబాదు నగరమే దక్కను పీఠభూమి మీద, సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. శ్రీశైల క్షేత్రం అంతకంటె తక్కువగా, దాదాపు 450 మీటర్ల ఎత్తున ఉంది. ఘాట్ రోడ్డులో అన్ని మలుపులు తిరిగి చేరుకుంటాం గనుక చాలా పైకి వచ్చినట్టు అనిపిస్తుంది గాని, నిజానికి మనం కృష్ణానది లోయలోకి దిగి, వంతెన దాటి, అవతలి ఒడ్డున కొంత ఎక్కి ఆగుతాం. అందువల్ల ఏప్రిల్, మే నెలల్లో ఎండ తప్పించుకోవడానికి శ్రీశైలం వెళ్లాలనుకోవడం లెక్కకు నిలవదు. కాస్త చల్లగాలి కావాలంటే అది ఇవతలి ఒడ్డున, అమ్రాబాద్ పీఠభూమి అంచుల్లోనే, ముఖ్యంగా ఫరహాబాద్ దగ్గర దొరుకుతుంది. ఆ గాలి కోసమే నిజాం కాలంలో ఫరహాబాద్ దొరల వేట విడిదిగా పేరు పొందింది.

నల్లమల ఆకురాల్చే అడవి అన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఇప్ప, తునికి, నల్లమద్ది వంటి చెట్లు ఫిబ్రవరి దాటితే ఆకు రాల్చి, మే దాకా మోడువారి, గోధుమ రంగులో నిలుచుంటాయి. ఫోటోల్లో చూసిన పచ్చదనం ఆగస్టు నుంచి డిసెంబరు దాకా ఉంటుంది. జనవరిలో కొంత మిగులుతుంది. సంవత్సరంలో ఈ ఐదారు నెలలు తప్ప తక్కిన కాలంలో అడవి కోసమని నేనెవరినీ ఈ దారికి రమ్మనను.

శ్రీశైలం: 430 కిలోమీటర్ల లెక్క

హైదరాబాదు నుంచి శ్రీశైలానికి 765వ నంబరు జాతీయ రహదారి మీద సుమారు 215 కిలోమీటర్లు. తుక్కుగూడ దగ్గర రింగ్ రోడ్డు దాటి కడ్తాల్, ఆమనగల్లు, వెల్దండ, కల్వకుర్తి సమీపంలోని కొట్ర చౌరస్తా, డిండి, హాజీపూర్ మీదుగా మన్ననూరు చేరేసరికి దాదాపు 140 కిలోమీటర్లు అవుతాయి. ఇక్కడి దాకా మామూలు మైదాన ప్రయాణమే. పొద్దున్నే బయలుదేరితే మూడు గంటలు చాలు. మన్ననూరు నుంచి శ్రీశైలం దాకా ఉన్న 75 కిలోమీటర్లు మాత్రం అమ్రాబాద్ పులుల అభయారణ్యం గుండా వెళ్లే రెండు వరుసల దారి. అక్కడ వేగం ఉండదు, ఉండకూడదు కూడా. దోమలపెంట దాటిన తర్వాత ఈగలపెంట నుంచి నది దాకా దిగుడు, అక్కడి నుంచి సున్నిపెంట దాకా ఎక్కుడు. పిల్లలకు వాంతులు మొదలయ్యేది సాధారణంగా ఈ చోటనే. (ఈ ఊళ్ల పేర్లు చూసి నవ్వేవారికి ఒక మాట: పెంట అంటే చెంచుల నివాసం. ఈ కొండల్లో వారి పల్లెలన్నిటినీ పెంటలనే అంటారు.) ఈ 75 కిలోమీటర్లకు ఖాళీ రోజున రెండు గంటలకు పైగా పడుతుంది, సెలవు రోజున ఎంత పడుతుందో ఎవరూ హామీ ఇవ్వలేరు.

ఈ దారికి ఒక గడియారం ఉంది, అది మన చేతిలో లేదు. వన్యప్రాణుల సంచారం కోసం రాత్రి తొమ్మిది గంటల నుంచి ఉదయం ఆరు గంటల దాకా మన్ననూరు, దోమలపెంట చెక్‌పోస్టుల దగ్గర వాహనాలను ఆపివేస్తారు. ఉదయం వైపు దీనివల్ల ఇబ్బంది లేదు, ఎందుకంటే నగరంలో ఐదింటికి బయలుదేరినవారు మన్ననూరు చేరేసరికి గేటు ఎప్పుడో తెరిచి ఉంటుంది. చిక్కంతా తిరుగు ప్రయాణంలోనే. రాత్రి తొమ్మిదిలోపు దోమలపెంట దాటకపోతే ఆ రాత్రి ఇటువైపు రావడం కుదరదు. మా బంధువుల కుటుంబం ఒకటి పాతాళగంగ దగ్గర ఆలస్యం చేసుకొని, తొమ్మిదిన్నరకు గేటు చేరి, ఇద్దరు పిల్లలతో కారులోనే తెల్లవార్లూ కూర్చున్నారు. తప్పు వారిదేనని వారే చెప్పుకొని నవ్వుతారు; మరునాడు బడి, ఆఫీసు రెండూ పోయాయి.

ఇప్పుడు రోజును లెక్కగట్టి చూడండి. ఐదింటికి బయలుదేరితే, టిఫినుకు అరగంట ఆగినా, శ్రీశైలం చేరేసరికి పదిన్నర దాటుతుంది. వాహనం నిలిపి, ఫోన్లు భద్రపరచుకొని, వరుసలో నిలబడి దర్శనం ముగించుకొనేందుకు మామూలు రోజున గంటో గంటన్నరో, శని, ఆది, సోమవారాల్లో దానికి రెండింతలో మూడింతలో పట్టవచ్చు. కార్తీక మాసం, శివరాత్రి, ఉగాదికి ముందు కన్నడ భక్తులు తరలివచ్చే రోజులు ఈ లెక్కకు అందవు. భోజనం అయ్యేసరికి రెండు గంటలు. చీకటి పడకముందే ఘాట్ దాటాలనుకుంటే నాలుగింటికి బయలుదేరక తప్పదు. అంటే చూడడానికి మిగిలేది రెండు గంటలు. ఆ రెండు గంటల్లో పాతాళగంగకు రోప్‌వేలో దిగి రావడం గాని, సాక్షి గణపతి, శిఖరం వంటివి చూడడం గాని ఏదో ఒకటే సాధ్యం. అక్కమహాదేవి గుహలకు లాంచీ ప్రయాణం అసాధ్యం. ఇంటికి చేరేది రాత్రి పది ప్రాంతంలో. మొత్తం 430 కిలోమీటర్లు, దాదాపు పది గంటలు వాహనంలో.

అయినా కొందరికి ఇదే సరైన ఎంపిక. ద్వాదశ జ్యోతిర్లింగాల్లో ఒకటి, అష్టాదశ శక్తిపీఠాల్లో ఒకటి ఒకే ప్రాంగణంలో ఉన్న క్షేత్రం ఇది. మొక్కు తీర్చుకోవడానికి వెళ్లేవారికి వరుసలో గడిపిన సమయం వృథా సమయమని నేను చెప్పబోను. వారికి అదే ప్రయాణం. అటువంటివారు మంగళ, బుధ, గురువారాల్లో ఒకటి ఎంచుకొని, ఇంట్లో నాలుగింటికే బయలుదేరి, దారిలో ఏ వ్యూ పాయింటు దగ్గరా దిగకుండా నేరుగా వెళ్లి దర్శనం చేసుకొని రావచ్చు. అడవి చూడడం, దర్శనం చేసుకోవడం రెండూ ఒకే రోజున కలుపుకోవాలనుకున్నప్పుడే రెండూ చెడతాయి.

డ్యాం గేట్లు ఎత్తినప్పటి సంగతి వేరుగా చెప్పాలి. 1980ల తొలినాళ్లలో పూర్తయిన శ్రీశైలం ప్రాజెక్టుకు 12 గేట్లు, పూర్తి నీటిమట్టం 885 అడుగులు. జులై చివరి నుంచి సెప్టెంబరు దాకా ఎగువన వరద వచ్చి గేట్లు ఎత్తారన్న వార్త టీవీలో రాగానే, ఆ వారాంతంలో నగరం నగరమంతా ఈ దారి పడుతుంది. రెండు కొండల నడుమ 145 మీటర్ల ఎత్తున్న ఆనకట్ట నుంచి నీరు దూకడం నిజంగా చూడదగ్గ దృశ్యమే. కాని ఆ ఆదివారం ఈగలపెంట, సున్నిపెంటల మధ్య కార్లు కిలోమీటర్ల పొడవున నిలిచిపోతాయి. రెండు వరుసల ఘాట్‌లో వెనక్కి తిప్పుకొనే వీలు కూడా ఉండదు. గేట్లు ఎత్తినది చూడాలనుకుంటే పనిదినం రోజున సెలవు పెట్టి వెళ్లండి. ఆదివారమే వెళ్లక తప్పదనుకుంటే వెళ్లకపోవడమే నా సలహా.

ఉమామహేశ్వరం, మన్ననూరు: దగ్గరగా ఆగడంలోని లాభం

శ్రీశైలానికి నాలుగు దిక్కులా నాలుగు ద్వారక్షేత్రాలున్నాయి: తూర్పున త్రిపురాంతకం, దక్షిణాన సిద్ధవటం, పడమట అలంపురం, ఉత్తరాన ఉమామహేశ్వరం. పూర్వం యాత్రికులు ఉత్తరం నుంచి వస్తే ఉమామహేశ్వరుని దర్శించుకొన్న తర్వాతే అడవిలో అడుగు పెట్టేవారని పెద్దలు చెబుతారు. ఇప్పుడు హైదరాబాదు కార్లన్నీ రంగాపూర్ దగ్గర ఆ దారి తెలిపే కమాను పక్క నుంచే వేగంగా దాటిపోతాయి. హైవే నుంచి లోపలికి కొద్ది కిలోమీటర్లే. గుట్ట అడుగున భోగమహేశ్వరం, పైన ఉమామహేశ్వరం. ఘాట్ దారిలో వాహనం కొంత పైకి వెళుతుంది. అక్కడి నుంచి నడక.

ఆ నడకలోనే ఈ చోటి గొప్పతనమంతా ఉంది. నిటారుగా లేచిన రాతి కొండ పైభాగం గొడుగులాగా ముందుకు వంగి ఉంటుంది. దాని నీడలోనే కాలిబాట సాగి, గుడికి చేరుతుంది. ఎడమా కుడీ చూసుకుంటూ నడిచేవారికి ఒక పక్క రాయి, ఒక పక్క లోయ, లోయకు అవతల అచ్చంపేట వైపు పొలాలు కనిపిస్తాయి. గట్టి వాన కురిసిన మరునాడు వెళ్తే కొండ అంచు నుంచి నీరు ధారలుగా జారి బాట ముందు తెరలాగా పడుతుంది. మీరు ఆ తెరకు లోపలి వైపు పొడిగా నడుస్తుంటారు. గుడి దగ్గరి పాపనాశనం అనే ఊట ఎండాకాలంలో కూడా ఎండదని స్థానికుల విశ్వాసం. కోతులు మాత్రం ఎక్కువ. చేతిలో కవరు కనిపిస్తే అది మీది కాదు. సంక్రాంతి సమయంలో ఇక్కడ బ్రహ్మోత్సవాలు జరుగుతాయి, వాటి తరువాత రంగాపూర్‌లో నిరంజన్ షావలి దర్గా ఉర్సు జరుగుతుంది. చుట్టుపక్కల ఊళ్లవారు రెండింటికీ ఒకే బండి కట్టుకొని వస్తారు. ఆ జాతర రోజుల్లో ప్రశాంతత కోరుకొనేవారు రాకూడదు, జాతర చూడాలనుకొనేవారు తప్పక రావాలి.

ఇక్కడ రెండున్నర గంటలు గడిపినా పదకొండున్నరకల్లా మన్ననూరు చేరవచ్చు. ఆ తర్వాత రెండు దారులు. మొదటిది ఫరహాబాద్ సఫారీ. హైవే పక్కనున్న గేటు నుంచి అటవీ శాఖ వారి వాహనంలో లోపలికి తీసుకువెళ్లి, పీఠభూమి అంచున ఉన్న వ్యూ పాయింటు దాకా చూపించి తీసుకువస్తారు. పులి కనిపిస్తుందనే ఆశతో టికెట్టు కొనవద్దు. 2,611 చదరపు కిలోమీటర్ల ఈ అభయారణ్యం దేశంలోని పులుల అడవుల్లో పెద్దవాటిలో ఒకటి. పులులు ఉన్నాయి గాని, పగటిపూట జీపు చప్పుడుకు ఎదురువచ్చే అలవాటు వాటికి లేదు. దుప్పులు, నెమళ్లు, కొండముచ్చులు సాధారణంగా కనిపిస్తాయి. ఎలుగుబంటి కనిపిస్తే అదృష్టం. వ్యూ పాయింటు దగ్గర నిలబడినప్పుడు అడవి కింద మైదానంలోకి జారిపోవడం కనిపిస్తుంది. నా దృష్టిలో టికెట్టు డబ్బు ఆ ఒక్క చూపుకే సరిపోతుంది. జులై నుంచి సెప్టెంబరు దాకా పులుల సంతానోత్పత్తి కాలమని సఫారీ మూసివేస్తారు గనుక అడవి పచ్చగా ఉండి సఫారీ కూడా నడిచే నెలలు అక్టోబరు, నవంబరు, డిసెంబరు మాత్రమే. ఈ ఒక్క కారణం చేతనే ఒక్కరోజు ప్రయాణానికి నేను నవంబరు నెలను అన్నిటికంటె ముందు పెడతాను.

రెండో దారి, సఫారీ వద్దనుకుంటే, హైవే మీదనే ముందుకు వెళ్లి దోమలపెంట సమీపంలోని ఆక్టోపస్ వ్యూ పాయింటు దాకా చూసి వెనక్కి తిరగడం. శ్రీశైలం జలాశయం నిండినప్పుడు కృష్ణ నీరు కొండల సందుల్లోకి చేతులు చాపినట్టు విస్తరించి కనిపిస్తుంది గనుక దానికి ఆ పేరు. జలాశయం అడుగంటిన నెలల్లో అక్కడ చూడడానికి బురద తప్ప ఏమీ ఉండదు. అక్కడి దాకా వెళ్లినవారికి ఇంకొక గంట ప్రయాణిస్తే శ్రీశైలమే కదా అన్న ఆశ పుడుతుంది. ఆ ఆశకు లొంగితే మళ్లీ పైన చెప్పిన లెక్కలోకే వెళతారు.

మల్లెలతీర్థం గురించి చాలామంది అడుగుతారు. వటవర్లపల్లి దగ్గర హైవే వదిలి కొన్ని కిలోమీటర్లు అడవిలోకి వెళ్లి, సుమారు 350 మెట్లు దిగితే జలపాతం. అక్టోబరు నుంచి జనవరి దాకా నీరు బాగుంటుంది. వేసవిలో సన్నని ధార. దిగడం సులువే, మోకాళ్ల నొప్పులున్నవారికి ఎక్కడమే పరీక్ష. నీటి గుంటలో దిగి ప్రాణాలు పోగొట్టుకొన్న సంఘటనలు ఉన్నాయి. ఈత వచ్చినవారు కూడా అందులో దిగకూడదు. ఉమామహేశ్వరం, సఫారీ, మల్లెలతీర్థం మూడూ ఒకే రోజున పెట్టుకోవద్దు. ఉమామహేశ్వరానికి తోడు తక్కిన రెండింటిలో ఒకటి ఎంచుకోండి. వయసులో ఉన్నవారి జట్టయితే మల్లెలతీర్థం, మూడు తరాలు కలిసి వస్తే సఫారీ.

సలేశ్వరం ఈ పోలికలోకి రాదు. ఏటా చైత్ర పౌర్ణమి సమయంలో కొద్ది రోజులు మాత్రమే అనుమతించే జాతర అది; లోయలోకి దిగే దారి ఇరుకు, ఎండ తీవ్రం, జనం విపరీతం. అది విహారానికి వెళ్లే చోటు కాదు.

నాగార్జునసాగర్, తోడుగా దేవరకొండ

నల్లగొండ జిల్లా వైపు చూసేవారికి నాగార్జునసాగర్ సుమారు 150 కిలోమీటర్లు. ఇబ్రహీంపట్నం, మాల్, కొండమల్లేపల్లి మీదుగా మూడు గంటల్లో చేరవచ్చు. అడవి గేటు లేదు, రాత్రి గడువు లేదు, వాంతులు పుట్టించే మలుపులు లేవు. ప్రాజెక్టు కట్టేటప్పుడు ఉద్యోగుల కోసం గుట్ట మీద వెలసిన హిల్ కాలనీ నిజానికి మన ప్రాంతంలో కొండ ఊరు అనదగ్గ అరుదైన ఊళ్లలో ఒకటి. వెడల్పయిన వీధులు, పాత క్వార్టర్లు, ఎటు నడిచినా ఎక్కడో ఒకచోట నీరు కనిపించడం, ఇవి శ్రీశైలం రద్దీకి పూర్తిగా భిన్నమైన అనుభవం.

1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేయగా 1967లో కాలువలకు నీరు వదిలిన ఈ ఆనకట్టకు 26 గేట్లు. వరద శ్రీశైలం దాటి ఇక్కడికి రావడానికి కొంత వ్యవధి పడుతుంది గనుక, అక్కడ గేట్లు ఎత్తిన వార్త విని తొందరపడకుండా సాగర్ నిండేదాకా ఆగితే, అదే నీటిని ఇక్కడ సగం ఇబ్బందితో చూడవచ్చు. 2022లో ప్రారంభమైన బుద్ధవనం 274 ఎకరాల్లో ఉంది. అమరావతి శైలిలో కట్టిన మహాస్తూపాన్ని నింపాదిగా చూడడానికి రెండు గంటలు కావాలి. నాగార్జునకొండ మ్యూజియం జలాశయం మధ్యనున్న దీవి మీద ఉంది. ఇక్ష్వాకుల రాజధాని విజయపురి నీట మునగకముందు 1954 నుంచి 1960 దాకా తవ్వకాలు జరిపి, దొరికిన శిల్పాలను ఆ కొండ మీదికి చేర్చారు. లాంచీ మీద దాదాపు గంట ప్రయాణం. శుక్రవారం మ్యూజియానికి సెలవు. లాంచీ నడవడం నీటిమట్టం మీద, గాలి మీద, వచ్చిన జనం సంఖ్య మీద ఆధారపడుతుంది గనుక దీవి ఒక్కటే లక్ష్యంగా పెట్టుకోకుండా, నడిస్తే వెళ్దామన్నంత వరకే ఉంచుకోవడం మంచిది.

సాగర్ లోటు ఏమిటంటే అక్కడ అడవి లేదు. ఎండ నేరుగా తగులుతుంది. మార్చి నుంచి జూన్ దాకా నల్లగొండ ఎండలు ఎలా ఉంటాయో ఆ జిల్లావారికి చెప్పనవసరం లేదు, హైదరాబాదు వారు అనుభవించి తెలుసుకోనవసరమూ లేదు.

అదే దారిలో కొండమల్లేపల్లి దగ్గర చీలితే దేవరకొండ. ఏడు గుట్టలను చుట్టి రేచర్ల పద్మనాయక రాజులు 14వ శతాబ్దంలో కట్టించిన కోట ఇది. గోడలు, బురుజులు, కోనేర్లు, మెట్ల దారులు విస్తారంగా మిగిలి ఉన్నాయి. హోటలు, నీడ, నీరు మాత్రం పైన దొరకవు. చరిత్ర మీద మక్కువ ఉండి మూడు గంటలు ఎక్కిదిగే ఓపిక ఉన్నవారికి నేను సాగర్ కంటె దేవరకొండనే చెబుతాను. డిసెంబరు, జనవరి నెలల్లో ఉదయం ఎనిమిదికల్లా కోట అడుగుకు చేరితే పదకొండుకు దిగవచ్చు, మధ్యాహ్నం భోజనానికి సాగర్ వెళ్లవచ్చు.

అర్ధదినమే ఉన్నవారికి

పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి రావాలంటే నగరానికి 50 కిలోమీటర్ల దూరంలోని భువనగిరి కోట చాలు. చాళుక్య త్రిభువనమల్ల విక్రమాదిత్యుని పేరు మోసే ఈ ఏకశిల 500 అడుగుల ఎత్తు. సికింద్రాబాదు నుంచి రైలు కూడా ఉంది. 2014లో పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ శిక్షణ పొందింది ఈ రాళ్ల మీదనే. రాచకొండ సుమారు 60 కిలోమీటర్లు. పద్మనాయకుల మరో రాజధాని. దారి చూపేవారు తక్కువ, పొదలు ఎక్కువ. ఒంటరిగా వెళ్లవద్దు.

సొంత కారా, బస్సా

నలుగురుంటే కారు, ఇద్దరైతే బస్సు అన్నది ఇక్కడ పూర్తిగా వర్తించదు. శ్రీశైలం ఒక్కటే అయితే బస్సు నిజంగా మంచి ఎంపిక. హైదరాబాదులోని ఎంజీబీఎస్ బస్సు స్టేషను నుంచి బస్సులు రోజంతా ఉన్నాయి, ఘాట్‌లో డ్రైవర్లు అనుభవజ్ఞులు, ఆరు గంటల ప్రయాణంలో మీరు నిద్రపోవచ్చు. ఒక్కరోజులో వెళ్లిరావాలనుకుంటే రాత్రి గేటు సమయాన్ని దృష్టిలో ఉంచుకొని తిరుగు బస్సులో సీటు ముందే రిజర్వు చేసుకోవాలి. 2023 డిసెంబరు నుంచి తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు ఉచిత ప్రయాణం ఉంది గాని అది రాష్ట్ర సరిహద్దు దాకానే. శ్రీశైలం ఆంధ్రప్రదేశ్‌లో ఉంది. అచ్చంపేటకో సాగర్‌కో ఎక్స్‌ప్రెస్ ఎక్కే మహిళలకు ఛార్జీ ఖర్చే లేదు. ఐదారుగురు మహిళలు కలిసి అచ్చంపేట దాకా బస్సులో వచ్చి, అక్కడ ఒక ఆటో మాట్లాడుకొని ఉమామహేశ్వరం చూసి వెళ్లడం నేను తరచుగా చూస్తున్నాను. ఈ వ్యాసంలో చెప్పిన ప్రయాణాలన్నిటిలో అతి తక్కువ ఖర్చుది అదే. మల్లెలతీర్థానికి, ఫరహాబాద్‌కు, దేవరకొండ కోటకు మాత్రం సొంత వాహనమో అద్దె కారో ఉంటేనే సౌకర్యం. బైకుల మీద వచ్చే యువకులకు ఒక హెచ్చరిక: మన్ననూరు దాటిన తర్వాత మలుపులో అడవిపంది గాని దుప్పి గాని అడ్డం వస్తే బ్రేకు వేయడానికి మీకు దొరికే దూరం చాలా తక్కువ.

అడవిలో ఫోను సిగ్నలు చాలాచోట్ల అందదు గనుక మ్యాపు ముందే దిగుమతి చేసుకోవాలి. పెట్రోలు హాజీపూర్‌లోపే నింపుకోవాలి. ప్లాస్టిక్ సీసాలు, కవర్ల మీద అభయారణ్యంలో నిషేధం ఉంది. స్టీలు సీసాలో నీళ్లు, టిఫిను డబ్బాలో సద్ది తెచ్చుకోవడమే ఉత్తమం. పులిహోర, జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం తెచ్చుకొన్నవారు ఉమామహేశ్వరం గుట్ట దిగి రంగాపూర్ వైపు ఏదైనా చెట్టు కింద కూర్చొని తింటే, హోటలు వెతుక్కొనే గంట మిగులుతుంది. అడవిలో మాత్రం బండి ఆపి వనభోజనాలు చేయకూడదు, కోతులకు తినిపించకూడదు. తినిపించడం అలవాటైన కోతులే రోడ్డు మీదికి వచ్చి చక్రాల కింద పడుతున్నాయి.

నల్లగొండ, మహబూబ్‌నగర్ పట్టణాల నుంచి బయలుదేరేవారికి పై లెక్క కొంత మారుతుంది. నల్లగొండ వారు దేవరకొండ, డిండి మీదుగా మన్ననూరు దారి పట్టవచ్చు. దారిలోనే కోట ఉంది గనుక ఉదయం దేవరకొండ, మధ్యాహ్నం ఉమామహేశ్వరం అన్న జోడింపు హైదరాబాదు వారికంటె వీరికి సులువు. పాలమూరు వారికి నాగర్‌కర్నూలు మీదుగా అచ్చంపేట దగ్గర. శ్రీశైలం ఒక్కరోజులో వెళ్లిరావడం కూడా వారికి నగరవాసులకన్నా కొంత తేలిక. అయితే వారికి ఇంకొక అవకాశం ఉంది. కొల్లాపూర్ దగ్గర సోమశిలలో కృష్ణ జలాశయపు వెనుక నీరు నల్లమల కొండల అడుగు దాకా వ్యాపించి ఉంటుంది. సెప్టెంబరు తర్వాత జలాశయం నిండుగా ఉన్నప్పుడు అక్కడ పడవ ఎక్కడం, ఒడ్డున లలితా సోమేశ్వరుని గుడి చూడడం, తిరుగుదారిలో ముంపు నుంచి తరలించి మళ్లీ నిలబెట్టిన జటప్రోలు ఆలయాల దగ్గర ఆగడం, ఇవన్నీ కలిపి ఒక్కరోజుకు సరిగ్గా సరిపోతాయి. జనం పలచగా ఉండడం దాని అదనపు సుగుణం.

ఏ చోటు ఎంచుకొన్నా బయలుదేరే ముందురోజు సాయంత్రం మూడు సంగతులు కనుక్కోండి: సఫారీ తెరిచి ఉందా, లాంచీ నడుస్తోందా, గేట్లు ఎత్తారా. మూడోదానికి అవునని జవాబు వచ్చి, మరునాడు ఆదివారం అయితే, శ్రీశైలం దారి వదిలి దేవరకొండ వైపు బండి తిప్పండి.